కూలర్ మీద మల్బరీ నీడ

టూసాన్,
24 మార్చి 1981

లవోన్‌కి,

నీ ఉత్తరం చేరింది. నాలుగు పేజీలు రాశావు. అందులో మూడు పేజీలు నీ మల్బరీ చెట్టు యోగక్షేమాలే. మీ బావ ఎలా ఉన్నాడని ఆఖర్న, సంతకం పైన ఇరికించి అడిగావు.

ముందు చెట్టు సంగతే చెప్తాను, నీ మనసు కుదుటపడుతుంది. తొమ్మిదేళ్ల కింద నువ్వు నాటినప్పుడు చీపురుకట్టంత ఉండేది. ఇప్పుడు ఇంటి కప్పు మొత్తం కమ్మేసింది. పోయినేడు కప్పు మీద కూలర్‌ని కూడా దాని నీడలోకి జరిపించాడు మీ బావ. ఎండలో ఉన్న కూలర్ కంటే నీడలో ఉన్నది చల్లటి గాలి తోలుతుందట. నిజంగానే తోలుతోంది. ఈ ఏడు ఎండలు ముందే ముదిరాయి కాబట్టి పది రోజుల నుంచి నడుపుతున్నాం.

ఇక మీ బావ. బాగాలేడు. ధాన్యం గోదాములో ముప్పై ఏళ్లు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషిని, పొడి గాలి పడితే బాగుపడతాడని డాక్టరు చెబితేనే కదా అయోవా వదిలి ఈ ఎడారికి వచ్చాం. వచ్చిన మూడేళ్లు బాగానే ఉన్నాడు. తర్వాత ఏటికేడూ దిగజారుతోంది. ఈ మార్చిలో ఛాతీలో పిల్లికూతలు పక్క గదిలోకి వినబడుతున్నాయి. గోదాము గేటు దగ్గర తను ఈల వేస్తే వీధి చివర మనింటికి వినబడేది, గుర్తుందా? ఆ ఈల విని ఆరేళ్లయింది.

నా అనుమానం ముందు వాకిట్లో ఉన్న రెండు తాటిచెట్ల మీద. ఎడారి అన్నాక తాటిచెట్టు లేకపోతే ఎలా అని వచ్చిన వారంలోనే తెచ్చి నాటాడు. పోస్టుకార్డు చూసి నేర్చుకున్న ఎడారి అది. ఇక్కడ పుట్టిన వాళ్లెవరూ నాటుకోరు. పోనీ శుభ్రంగా ఉంచుతాడా అంటే, మట్టలు కొట్టనివ్వడు. ఎండిన మట్టలన్నీ పావడాలా మానుకు వేలాడుతుంటాయి. వాటి నిండా దుమ్ము, పావురాల రెట్ట, తేళ్లు. గాలి వీస్తే అదంతా నేరుగా కిటికీలోకే. కొట్టించేద్దాం అంటే మూడు రోజులు మాట్లాడలేదు.

ఈ ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు చెట్టు గురించి ఒక్క పేజీ చాలు.

ఆర్డిస్


ఓస్కలూసా, అయోవా
6 ఏప్రిల్ 1981

అక్కా,

నా మల్బరీ కప్పంతా కమ్మేసిందని చదివి ఉత్తరం చర్చిలో అందరికీ చూపించాను. బావ గురించి రాసిన భాగం మడిచిపెట్టే చూపించాను, కంగారుపడకు.

నేనెప్పటి నుంచో చెప్తున్నాను, మీ ఊళ్లో వచ్చిన చిక్కల్లా దుమ్ము. దుమ్మును అణిచేది పచ్చదనం. వాకిట్లో గడ్డి ఇంకాస్త పెంచు, రోజూ తడుపు. ఆ తాటిచెట్లు తీయించెయ్. బావ అలిగితే అలగనీ. నీడివ్వని చెట్టూ చెట్టేనా? మధ్యాహ్నాలు ఆయన్ని నా మల్బరీ కింద కూర్చోబెట్టు. దీర్ఘంగా ఊపిరి పీల్చమను.

ఆ మొక్కను నేనెంత వెతికి తెచ్చానో నీకు గుర్తుండదు. మన పెరట్లో మల్బరీ పండ్లు రాలి అమ్మ ఉతికిన దుప్పట్లన్నిటి మీదా ఊదారంగు మరకలు పడేవి కదా. అందుకని పండు కాయని మగచెట్టే కావాలని నర్సరీ వాడి ప్రాణం తీశాను. కాఫీ డబ్బాలో మన పెరటి నల్లమట్టి పట్టుకుని అమ్మా నేనూ బస్సులో రెండు రోజులు వచ్చాం. మొదటి నీళ్లు అమ్మే పోసింది. ఆ నవంబరులో అమ్మ పోయింది. నాకు అది చెట్టు కాదక్కా.

వచ్చే మార్చిలో వస్తున్నాను. ఆ చెట్టు కింద నిలబడి ఫోటో దిగి, అమ్మ పేరు రాసి చర్చి హాల్లో పెట్టాలి. పాస్టరు గారు గోడ కూడా చూపించారు.

నీ లవోన్


టూసాన్,
9 జూన్ 1981

లవోన్‌కి,

తాటిచెట్టు కొట్టించాను. ఒకటే. రెండోది ఎందుకు మిగిలిందో చెప్తాను.

బెర్నాబే అని మట్టలు కొట్టే పనివాడు వచ్చాడు. మీ బావ ముందే కుర్చీ తెచ్చుకుని రెండు చెట్ల మధ్య కూర్చున్నాడు. "నువ్వు ఎక్కు నాయనా, నేను చూస్తూంటాను" అన్నాడు. బెర్నాబే పైనుంచి మట్టలు కోసుకుంటూ దిగుతుంటే లోపల్నుంచి తెల్లటి గుడ్లగూబ ఒకటి లేచి, ఎండలో కళ్లు కనబడక, ఎదురింటి గోడకు గుద్దుకుని, ఎటో పోయింది. ఇక మీ బావ మొదలుపెట్టాడు. "చూశావా ఆర్డిస్? కాపురం చేసుకునే వాళ్లని నడివీధిలోకి తోలావు. ఏం, నీకేమైనా అడ్డం వచ్చిందా అది?" మాట్లాడినంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. మొదటి చెట్టు నేల కూలాక రెండోదాని మానును రెండు చేతులా వాటేసుకున్నాడు. అరవై మూడేళ్ల మనిషి! బెర్నాబే తలవంచుకుని సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

పక్కింటి కూకా ఒచోవా కంచె మీద మోచేతులు ఆనించి అంతా చూసింది. ఆమె వాకిట్లో గడ్డి లేదు, తాటి లేదు, వాళ్ల తాతల కాలం నుంచీ ఉన్న మెస్కీట్ అనే ఈ ఎడారి చెట్టు ఒకటి ఉంది. సన్నాకులు, ముళ్లు, వంకర కొమ్మలు. "పాపం దాని మీద పడ్డారేంటి?" అంది నాతో. "మార్చి వస్తే మీ వైపు నుంచి వచ్చిన వాళ్లందరూ తుమ్ముతారు. మా వాళ్లు ఎవరూ తుమ్మరు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావా ఆర్డిస్?" మీకు అలవాటైన దుమ్ము, మాకు కొత్త అన్నాను. ఆమె నవ్వి ఇంట్లోకి వెళ్లింది. నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు అసలు మాట. చెట్టు కొట్టిన దగ్గర్నుంచి మీ బావకి నయంగా ఉంది. పిల్లికూతలు లేవు. నిద్ర పడుతోంది. దోషి తాటిచెట్టే. ఆ మాట ఆయన ఎదుట రోజుకి ఒకసారి అంటున్నాను. ఆయన లేచి బయటికెళ్లి రెండోదానికి నీళ్లు పెడుతున్నాడు.

ఆర్డిస్


ఓస్కలూసా,
30 జూన్ 1981

అక్కా,

నేను చెప్పలేదూ? చెప్పానా లేదా? ఆ రెండోదాన్ని కూడా పీకించావంటే బావ ఫుట్‌బాల్ ఆడతారు.

శరదృతువులో ఇంకో మల్బరీ మొక్క పంపుతున్నాను, ఇది కూడా మగదే. తాటిచెట్టు పోయిన గోతిలో నాటు. మార్చిలో వచ్చినప్పుడు రెండిటి మధ్యా నిలబడి ఫోటో దిగుతాను.

లవోన్


టూసాన్,
19 మార్చి 1982
(పోస్టు చేయలేదు)

లవోన్,

ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. సోమవారం పొద్దున టిఫిన్ దగ్గర మీ బావ పెదాలు నీలంగా మారిపోయాయి. మాట రాలేదు. బల్ల మీద చెయ్యి వేసి కొడుతున్నాడు, నేను ఉప్పు అడుగుతున్నాడనుకుని ఉప్పు జరిపాను. కూకా వాళ్ల బండిలో తీసుకొచ్చాం.

ఇప్పుడు గండం గడిచింది. ఈ పొద్దున డాక్టరు ఆయన ముంజేతి మీద కలంతో గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో చెట్టు పుప్పొడి పెట్టి సూదితో గుచ్చాడు. పావుగంట ఆగి చూశాం. తాటి గడిలో ఏమీ లేదు. మెస్కీట్ గడిలో కొంచెం ఎర్రబడింది. గడ్డి గడిలో దద్దురు లేచింది. మల్బరీ గడి కోడిగుడ్డంత ఉబ్బింది.

"మగచెట్టా?" అని అడిగాడు డాక్టరు. అవునన్నాను. "అందరూ మగదే నాటారండీ, పండు రాలదని, సిమెంటు మీద మరక పడదని. పండు లేకపోతే మిగిలేది పుప్పొడే. మీ కూలర్ ఎక్కడుంది?" అన్నాడు. చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశాడు. ఆ చెట్టు పుప్పొడి రాల్చే నెలంతా దాని కిందే కూలర్ పెట్టి, గాలితో పాటు పుప్పొడినీ లాగి, కూలర్ తడి గడ్డి తెరల్లోంచి ప్రతి గదిలోకీ ఊదించుకున్నామన్నమాట. పోయినేడు జూన్‌లో నయమైంది తాటిచెట్టు కొట్టినందుకు కాదు. మల్బరీ పూత అయిపోయినందుకు.

"ఒకప్పుడు దేశం నలుమూలల నుంచీ ఉబ్బసం రోగుల్ని ఇక్కడికి పంపేవాళ్లం. వాళ్లు వస్తూ వస్తూ తమ చెట్లను వెంట తెచ్చుకున్నారు" అన్నాడు డాక్టరు. ఈయన ఒహాయో మనిషి. ఈయన ఆస్పత్రి గుమ్మానికి రెండు పక్కలా ఆలివ్ చెట్లున్నాయి. అవి కూడా అంతేనట. ఆ మాట ఆయనే చెప్పి తల గోక్కున్నాడు.

వచ్చే వసంతంలోగా ఆ చెట్టయినా పోవాలి, మేమైనా ఈ ఊరు వదలాలి. ఇంకోసారి ఇలా వస్తే ఆయన తట్టుకోలేడు. ఇది డాక్టరు మాట.

మీ బావ మూతికి గొట్టం తగిలించుకునే విన్నాడు. గొట్టం తీసి మొదట అన్నది ఏంటో తెలుసా? "నా తాటిచెట్టు ఏ పాపం ఎరగదు." రెండో మాట, "ఆ మల్బరీ మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. ఒక చెట్టుని తొందరపడి కొట్టించావు. ఇది లవోన్‌ది, మీ అమ్మది. ముందు లవోన్‌ని అడుగు."

ఎలా అడగను? పది రోజుల్లో కెమెరా పట్టుకుని దిగుతావు. చర్చిలో గోడ సిద్ధంగా ఉంది. అమ్మ చేత్తో నీళ్లు పోసిన చెట్టే మీ బావని చంపబోయిందని నీకు ఏ నోటితో చెప్పను?


టూసాన్,
20 మార్చి 1982

లవోన్‌కి,

ఈ నెల రాకు. ఇంటికి రంగులు వేయిస్తున్నాం. గదులన్నీ చిందరవందరగా ఉన్నాయి, ఆ వాసన నీకు పడదు. వీలు చూసుకుని నేనే రాస్తాను.

మీ బావ బాగానే ఉన్నాడు. చెట్టు కూడా.

ఆర్డిస్


ఓస్కలూసా,
27 మార్చి 1982

అక్కా,

రంగులు. బాగుంది.

బస్సు టికెట్టు కొనుక్కుని, పెట్టె సర్దుకుని, చర్చి విందుకి బీన్స్ వండే పని ఇంకొకరికి అప్పజెప్పిన తర్వాత మీ ఇంటికి రంగులు గుర్తొచ్చాయి. మీ ఇల్లు మట్టిరంగు ఇటుకల ఇల్లు. కట్టిన దగ్గర్నుంచి దానికి ఎవరూ రంగు వెయ్యలేదు.

నాకు అర్థమైందిలే. పోయినసారి వచ్చినప్పుడు నీ వంటిల్లు సర్దానని, డబ్బాల మీద పేర్లు రాసి అంటించానని నీకు కోపం. పదేళ్లు మనసులో పెట్టుకున్నావు. లేకపోతే నేను పంపిన రెండో మొక్క ఎండబెట్టేసి ఉంటావు, అది నా కంట పడకూడదు. దాని గురించి నాలుగు నెలలుగా ఒక్క ముక్క రాయలేదని గమనించాను.

ఏదైనా సరే. అమ్మ చెట్టు ఫోటో లేకుండా ఆ గోడ ఖాళీగా ఉంది. అడిగిన వాళ్లకి మా అక్క ఇంటికి రంగులు వేయిస్తోందని చెప్తున్నాను. రమ్మని రాసే దాకా నేను ఉత్తరం రాయను.

లవోన్


టూసాన్,
5 ఏప్రిల్ 1982

లవోన్,

దీంతో పాటు ఇంకో ఉత్తరం పెట్టాను, మార్చి పంతొమ్మిదిన రాసింది. ముందు అది చదువు.

చదివావా? రంగులు అబద్ధం. డబ్బాల మీద పేర్ల సంగతి నువ్వు చెప్పేదాకా నాకు గుర్తే లేదు, నిజానికి ఇప్పటికీ వాటిలోంచే పంచదార తీసుకుంటున్నాను. రెండో మొక్క మాత్రం బతికే ఉంది. గోతిలో నాటలేదు, కుండీలోనే ఉంది. నాటబోతే కింద సిమెంటు లాంటి సున్నపు పొర తగిలి గడ్డపార వంగిపోయింది. ఇప్పుడు ఆ మొక్కను ఎవరికి ఇవ్వాలన్నా భయంగా ఉంది.

మీ బావ ఇంటికొచ్చాడు. కిటికీలు మూసి, కూలర్ ఆపి, తడిగుడ్డ మెడకి చుట్టుకుని కూర్చుంటున్నాం. బయట వేడి తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. చెట్టు కొట్టించడానికి నిన్న మళ్లీ నేనే ఒప్పించబోయాను. "లవోన్ రాసిందా?" అన్నాడు. నేను నీకు చెప్పనే లేదని తెలిసి నాకేసి చూసిన చూపుంది చూడు, ఆస్పత్రిలో కూడా అంత జబ్బుగా కనబడలేదు.

మొత్తం ఈ వీధిలోనే పద్నాలుగు మల్బరీలున్నాయి. నాకు చెట్లంటేనే విసుగొచ్చింది. మన ఊరిలా ఉండాలని ఒకరు, పోస్టుకార్డులా ఉండాలని ఒకరు, అందరం కలిసి ఈ ఊరిని ఈ ఊరిలా ఉండనివ్వలేదు. అడుగుతున్నాను కాబట్టి సూటిగానే అడుగుతాను. అమ్మ చెట్టు కొట్టించనా?

ఆర్డిస్


ఓస్కలూసా,
11 ఏప్రిల్ 1982

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. చదివి చాలాసేపు గిన్నెలు తోముతూ నిలబడ్డాను, తోమినవే మళ్లీ తోమాను.

నాకు కోపం వచ్చింది. చెట్టు గురించి కాదు. బావ పెదాలు నీలంగా మారి ఆస్పత్రిలో ఉంటే, నాకు రంగుల కథ రాశావు. బావ ఊపిరి ఒక పక్క, చెట్టు ఒక పక్క పెడితే నేను చెట్టునే పట్టుకుని ఏడుస్తాననుకున్నావు. యాభై రెండేళ్లుగా నా అక్కవి. నేనంటే నీకు తెలిసింది ఇంతేనా? కొట్టించమని ఫోన్ చేసి చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది.

తర్వాత నా ఉత్తరాలన్నీ తలుచుకున్నాను. గడ్డి పెంచమన్నాను. తడపమన్నాను. చెట్టు కింద కూర్చోబెట్టి దీర్ఘంగా ఊపిరి పీల్చమన్నాను. దేవుడా. అలా రాసే మనిషికి నిజం చెప్పడానికి ఎవరైనా భయపడతారులే.

ఇంకొకటి. ఆ రోజు అమ్మ నీళ్లు పోసేటప్పుడు నువ్వు లోపల కాఫీ పెడుతున్నావు. అమ్మ డబ్బా బోర్లించి, పక్కింటి మెస్కీట్ వైపు చూసి, "వీళ్లకి ఉన్న చెట్లు చాలవా లవోన్?" అంది. నాకు మండిపోయింది. రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మొక్క! అమ్మ పోయాక ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నీళ్లు పోసిందని మాత్రమే అందరికీ చెప్పుకున్నాను.

ఎవరి చేతా కొట్టించకు. శుక్రవారం బస్సు ఎక్కుతున్నాను. నేను నాటాను, నేనే రంపం పెడతాను. బావకి చెప్పు, లవోన్‌ని అడిగావా అంటే అడిగాను, సరేనంది అని.

నీ లవోన్


టూసాన్,
30 మార్చి 1983

లవోన్‌కి,

నీ ఉత్తరం అందింది. చర్చి గోడ మీద చెట్టు ఫోటోకి బదులు మొద్దు మీద మనిద్దరం కూర్చుని గొడవపడుతున్న ఫోటో పెట్టావని తెలిసింది. పాస్టరు గారు ఎలా ఒప్పుకున్నారో నాకు అర్థం కాలేదు. అందులో నా నోరు తెరిచి ఉంది. అమ్మ మాట నువ్వు పదేళ్లు దాచావు, మీ బావ జబ్బు సంగతి నేను రెండు వారాలు దాచాను. ఇక దాని గురించి మళ్లీ ఎత్తకు.

ఇక్కడ పెద్ద వింతలేమీ జరగలేదు. నువ్వు వారం రోజులు వీధిలో ఇంటింటికీ తిరిగి ఉపన్యాసాలిచ్చి వెళ్లావు కదా, పదమూడు మల్బరీల్లో ఒక్కటి పోయింది. మిగతా పన్నెండిళ్ల వాళ్లూ పుప్పొడి పక్కింటి చెట్టుదే అంటున్నారు. అందుకని మార్చి నెలంతా కిటికీలు మూసే ఉంచాం. గడ్డి తీసేశాం. కూలర్ ఎండలో మిగిలింది, ఈ నెల దాటాక నడిపితే వేడిగాలే తోలుతుంది, తోలనీ.

మొద్దు తవ్వించినప్పుడు తెల్లటి నేల మధ్య పెద్ద పళ్లెమంత నల్లమట్టి బయటపడింది. మనూరి మట్టి, నీ కాఫీ డబ్బాది. ఇన్నేళ్లకీ రంగు మారలేదు. పారేయబుద్ధి కాలేదు. కూకా వచ్చి చూసి, తన చెట్టు కాయ ఒకటి తెచ్చి అందులో గుచ్చింది. మొలిచింది. జానెడు ఉంది, అప్పుడే ముళ్లు. మేం నీళ్లు పోస్తుంటే తిడుతోంది, "దాన్ని దాని మానాన వదిలెయ్యండి" అని.

ఇందాక వంటింట్లో ఉంటే సన్నగా కూత వినబడింది. పిల్లికూతలేమో అనుకున్నాను. మార్చి నెల, పోయినేడు ఇదే రోజులు. తడి చేతులతోనే వాకిట్లోకి పరిగెత్తాను.

మీ బావ తాటిచెట్టు కింద కుర్చీలో ఉన్నాడు. ఆ చెట్టుకి నీడంటే ఎంత, మానంత సన్నటి గీత. అది జరిగినప్పుడల్లా లేచి కుర్చీ జరుపుకుంటాడు. పొద్దుట్నుంచి వాకిలి సగం దాటాడు. కుర్చీ జరుపుకుంటూ ఈల వేస్తున్నాడు.

నన్ను చూసి ఆపాడు. "ఏంటలా పరిగెత్తుకొచ్చావు?" అన్నాడు. ఏం లేదన్నాను. ఎందుకు ఆపారని తిట్టాను. మళ్లీ మొదలుపెట్టాడు. గోదాము గేటు దగ్గర వేసేదే. రెండు చోట్ల తప్పాడు. ఎదురింటి దాకా వినబడి ఉంటుంది. లోపలికొచ్చి, గిన్నెలు వదిలేసి, ముందు నీకే రాస్తున్నాను.

ఎండలు పెరిగాయి, నువ్వు కంగారుపడి ఏదో ఒకటి పంపుతావని తెలుసు. లవోన్, నీకు దండం పెడతాను. విత్తనం వద్దు, దుంప వద్దు, కొమ్మ వద్దు. నువ్వు ఊరికే రా.

ఆర్డిస్